రూ.6,800 తాబేలు కిట్: మూడు నెలలు వాడాక

ముందే చెప్పేస్తా, ఈ కిట్ కొనకండి. ఎందుకు కొనొద్దో తెలుసుకునే ఓపిక ఉన్నవాళ్లే కిందికి రండి, ఇది రెండు లైన్లలో అయిపోయే కథ కాదు. కంపెనీ పేరు రాయట్లేదు. రాసినా లాభం లేదు, అదే అట్టపెట్టె, అదే ఫొటో, నాలుగు పేర్లతో నాలుగు ధరలకు ఆన్‌లైన్‌లో కనిపించింది నాకు. "టార్టాయిస్ కంప్లీట్ హోమ్ కిట్" అని రాసి, పెట్టె మీద నవ్వుతున్న కార్టూన్ తాబేలు ఉంటుంది. గుర్తుపట్టడానికి అది చాలు.

మాది హన్మకొండ, నయీంనగర్ వైపు అపార్ట్‌మెంట్. నవంబర్ ఆఖర్లో మా పై ఫ్లాట్‌లో అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. రెండు రోజులయ్యాక ఫ్లాట్ కడగడానికి వెళ్లిన పనామె గబగబా కిందికొచ్చి "అక్కా, పైన బకెట్ల తాబేలున్నది, సచ్చిందో బతికిందో తెలుస్తలేదు" అన్నది. వెళ్లి చూస్తే నిజమే. వాష్ ఏరియాలో నీలం బకెట్, అందులో నాలుగు వేళ్ల లోతు నీళ్లు, నీళ్లలో రెండు క్యాబేజీ ఆకులు, వాటి మధ్య నా అరచేతికన్నా కొంచెం తక్కువున్న తాబేలు. కళ్లు మూసుకుపోయి ఉన్నాయి. ఎడమ ముక్కురంధ్రం దగ్గర ఒక బుడగ. ఊపిరి వదిలినప్పుడల్లా అది ఆవగింజంత నుంచి పెసరగింజంత అయ్యి మళ్లీ చిన్నదయ్యేది. బతికే ఉందని తెలిసింది ఆ బుడగ వల్లే.

మన దగ్గర ఇళ్లలో దొంగచాటుగా పెంచేది ఎక్కువగా నక్షత్ర తాబేలు. అది వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉన్న జీవి, 2022 సవరణ తర్వాత మొదటి షెడ్యూల్‌లో ఉంది. ఇంట్లో పెట్టుకోవడమే నేరం, దొరికితే అటవీశాఖకు అప్పజెప్పాలి. అందుకని ముందు వాళ్లకే ఫోన్ చేసి ఫొటోలు పంపాను. వీపు మీద నక్షత్రాల గీతలు లేవు, ఎండుగడ్డి రంగు, వెనక తొడల మీద ముళ్లలా పొడుచుకొచ్చిన పొలుసులు. ఇది మనది కాదు, ఆఫ్రికాది, సల్కాటా అంటారు అన్నారు. సహారా ఎడారి అంచున ఉండే నేల తాబేలు. నేల తాబేలు. దాన్ని నీళ్ల బకెట్‌లో వేసి పోయారు ఆ మహానుభావులు. ఫోన్ చేస్తే "మీరే ఉంచేసుకోండి ఆంటీ, మంచి లక్కు" అని పెట్టేశారు. విదేశీదే అయినా సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారంపై దేశాల మధ్య ఒప్పందం) జాబితాలో ఉన్న జాతి కాబట్టి 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖవాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. వాళ్ల దగ్గర కాగితం ముక్క లేకపోవడంతో ఆ పని ఇంకా నడుస్తూనే ఉంది, ఆ గోల వేరే.

ఆ రాత్రి పదకొండింటికి, టెన్షన్‌లో, తాబేలుని పాత తువ్వాలులో చుట్టి చెప్పుల అట్టపెట్టెలో పెట్టి, ఫోన్‌లో వెతుకుతూ ఈ కిట్ ఆర్డర్ చేశాను. ఆ టైంలో మనిషి బుర్ర పనిచేయదు. కంప్లీట్ అని రాసుంటే కంప్లీట్ అనుకుంటాం. అమ్మేవాడికి కూడా అది బాగా తెలుసు.

మూడో రోజుకి వచ్చింది. లోపల ఏమున్నాయంటే రెండడుగుల గాజు తొట్టి, క్లిప్‌తో తగిలించే ప్లాస్టిక్ హోల్డర్, "యూవీఏ ప్లస్ యూవీబీ" అని రాసున్న 50 వాట్ల బల్బు, అద్దానికి అంటించే గుండ్రటి ముల్లు థర్మామీటర్, ఇటుకంత కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) దిమ్మ, ప్లాస్టిక్ గుహ, నీళ్ల గిన్నె, గుళికల మేత డబ్బా, చిన్న సీసాలో కాల్షియం పొడి. చూడ్డానికి భలే ఉంది. మా చిన్నోడైతే గుహ చూసి ఎగిరి గంతేశాడు. తాబేలుకి "నిదానం" అని పేరు పెట్టింది కూడా వాడే.

అన్నిటికన్నా ముందు ఆ థర్మామీటర్ సంగతి చెప్పాలి, ఎందుకంటే నిదానం దాదాపు పోయేదే దాని వల్ల. తొట్టి సర్ది, బల్బు వెలిగించి చూస్తే ముల్లు 32 దగ్గర నిలబడింది. హమ్మయ్య అనుకున్నాను. అప్పటికే హైదరాబాద్‌లో ఇలాంటి జంతువులు చూసే ఒక డాక్టర్ గారిని పట్టుకున్నాం, ఊపిరితిత్తులకు ఇన్ఫెక్షన్ అని చెప్పి యాంటీబయాటిక్ రాశారు. మా వీధిలోనే మామునూరు వెటర్నరీ కాలేజీలో చదివిన కుర్ర డాక్టర్ ఉండటం మా అదృష్టం, ఆయన ఇంటికొచ్చి ఇంజెక్షన్ చేసేవాడు. మూడు రోజులకొకటి చొప్పున ఏడు డోసులు, ముందుకాలికే. తాబేళ్లలో వెనక భాగం నుంచి వచ్చే రక్తం ముందు కిడ్నీల మీదుగా పోతుందట, అందుకే వెనకకాలికి చేయరట. మందు కలిపి ఏడు సిరంజీలకు నింపి డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకున్నాం, ఐస్‌క్రీమ్ డబ్బా పక్కన, పిల్లలు ముట్టకుండా పెద్ద అక్షరాలతో "తాబేలు" అని రాసి.

రెండు డోసులు పడ్డాయి. మార్పు లేదు. బుడగ అలాగే ఉంది, పైగా ఇప్పుడు మెడ చాచి నోరు తెరిచి గాలి పీలుస్తోంది, ఆ చప్పుడు చిన్న సైకిల్ పంపు కొట్టినట్టు. డాక్టర్ గారికి వీడియో పంపితే ఆయన మందు గురించి ఏమీ అడగలేదు. "అమ్మా, వేడి ఎంతుంది?" అన్నారు. 32 సార్ అన్నాను. "ఏ థర్మామీటర్‌తో చూశారు?" అన్నారు. కిట్‌లో వచ్చినదే అంటే ఒక్క క్షణం ఆగి "దాన్ని తీసి ఓ అరగంట ఫ్రిజ్‌లో పెట్టి చూడండి" అన్నారు.

పెట్టాను. అరగంట తర్వాత ఫ్రిజ్ తలుపు తీస్తే, పెరుగు గిన్నె పక్కన, ఆ ముల్లు 27 చూపిస్తోంది.

అప్పుడు మా ఆయన పరిగెత్తుకెళ్లి చౌరస్తా దగ్గర ఎలక్ట్రానిక్స్ షాపులో వైరు చివర చిన్న మొన ఉండే డిజిటల్ థర్మామీటర్ తెచ్చాడు, రూ.220. ఫ్రిజ్‌లకు పెట్టే రకం. తొట్టిలో పెడితే దీపం కిందే 26, ఆ చివర 21. తెల్లవారుజామున చూస్తే తొట్టిలో 18. మన దగ్గర డిసెంబర్ రాత్రి ఎలా ఉంటుందో తెలుసు కదా, స్వెట్టర్ లేకుండా బాల్కనీలో నిలబడలేం. తాబేలుకి మనలా ఒంట్లో వేడి పుట్టదు, చుట్టూ ఎంతుంటే దాని ఒళ్లూ అంతే. చల్లగా ఉంటే రోగంతో పోరాడే శక్తీ పనిచేయదు, ఇచ్చిన మందూ పనిచేయదు, తిన్నది అరగదు. సల్కాటాలకు చలికాలం నిద్రపోయే అలవాటు కూడా లేదు, కొన్ని జాతులు అలా నిద్రపోతాయి గానీ ఇవి నిద్రపోవు. వారం రోజులు నేను దాన్ని చల్లటి గాజు తొట్టిలో పెట్టి సూదులు పొడిపించాను. ఇదంతా రూ.6,800లో వచ్చిన, ఇరవై రూపాయలు కూడా చేయని ఒక ముల్లు వల్ల. ఇప్పటికీ ఒళ్లు మండుతుంది నాకు.

ఎవరి దగ్గరైనా ఇలాంటి ముల్లు థర్మామీటర్ ఉంటే ఫ్రిజ్ పరీక్ష చేయండి. ఖర్చు లేదు.

ఇక బల్బు. డిప్ప గట్టిగా పెరగాలంటే కాల్షియం కావాలి, తిన్న కాల్షియం ఒంటికి పట్టాలంటే డి3 విటమిన్ కావాలి, అది చర్మంలో తయారవ్వాలంటే ఎండలో ఉండే యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలు కావాలి. నిదానం అడుగు డిప్పని బొటనవేలితో మెల్లగా నొక్కితే నానిన అట్టలా కొంచెం లోపలికి పోయేది. అంటే చాలాకాలంగా ఎండ మొహం చూడలేదు పాపం. ఈ బల్బుతో ఆ లోటు తీరుతుందనే కదా కొన్నది. థర్మామీటర్ దెబ్బ తిన్నాక నాకు దేని మీదా నమ్మకం లేకుండా పోయింది, ఎన్‌ఐటీలో చదివే మా మేనల్లుడికి ఇచ్చి ల్యాబ్‌లో చూడరా అన్నాను. వాడు స్పెక్ట్రోమీటర్ (వెలుగులో ఏ కిరణాలు ఎంతున్నాయో చూపే యంత్రం) కింద పెట్టి గ్రాఫ్ ఫొటో పంపాడు. యూవీబీ అంటే 280 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండాలి. అక్కడ గీత నేలకి అంటుకుపోయి ఉంది. "అత్తా, ఇది మామూలు ఫిలమెంట్ బల్బే, గాజుకి నీలం రంగు వేశారు" అన్నాడు. నిజంగా యూవీబీ ఇచ్చే ఫిలమెంట్ బల్బంటూ ఉండదట, ట్యూబులూ మెర్క్యురీ వేపర్ దీపాలూ వేరే. సింపుల్‌గా చెప్పాలంటే, పెట్టె మీద అచ్చేసింది అబద్ధం.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఒకబ్బాయి ఎంతో మర్యాదగా "మేడం, బల్బు లేకపోయినా పర్లేదు, తొట్టి తీసుకెళ్లి ఎండలో పెట్టండి" అన్నాడు. దయచేసి ఎవరూ ఈ పని చేయకండి. నేను చేశాను. తొమ్మిదిన్నర ఎండ, డిసెంబర్ ఎండే, గాజు తొట్టి బాల్కనీలో పెట్టి పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. పావుగంటలో డిజిటల్ మీటర్ 43 దాటింది. కార్లో తలుపులేసుకుని కూర్చున్నట్టే కదా అది. పైగా మామూలు గాజులోంచి యూవీబీ లోపలికి రానే రాదు, అంటే ఉడకబెట్టడం తప్ప ఉపయోగం కూడా లేదు. అప్పటినుంచి ఎండకి తీసుకెళ్తే పెద్ద ప్లాస్టిక్ టబ్‌లోనే, సగం మీద తడిగుడ్డ నీడ వేసి, పక్కన మనిషి ఉండి.

అదే ఫోన్‌లో అదే అబ్బాయి ఇంకో సలహా కూడా ఇచ్చాడు, నులిపురుగులకు ఐవర్‌మెక్టిన్ వేయండి, కుక్కలకు అదే వేస్తాం అని. గట్టిగా చెప్తున్నా: ఐవర్‌మెక్టిన్ తాబేళ్లకు విషం. ఎవరు చెప్పినా, ఏ మెడికల్ షాపులో ఇచ్చినా వేయొద్దు. డాక్టర్ గారు ఆ మాట వినగానే ఫోన్‌లోనే అరిచినంత పని చేశారు. ఏ మందైనా సరే తాబేళ్లు చూసిన డాక్టర్ చెప్తేనే.

హోల్డర్ గురించి ఎక్కువ చెప్పను, కాలిపోయింది. రాత్రి వేడి కోసం వెలుగు రాని సిరామిక్ హీటర్ బల్బు 100 వాట్లది తెప్పించి ఆ కిట్ హోల్డర్‌కే బిగించాం, తప్పు మాదే కావొచ్చు, కానీ ఆ హోల్డర్ మీద ఎన్ని వాట్లవరకు వాడొచ్చో ఎక్కడా రాసిలేదు. రాత్రి రెండింటికి ప్లాస్టిక్ కాలిన వాసనకి మా అత్తమ్మ లేచి అందర్నీ లేపింది. హోల్డర్ మెడ వంగిపోయి ఉంది. ఇంకో గంటైతే ఏమయ్యేదో. పింగాణీ హోల్డర్ దొరుకుతుంది ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా, రూ.60, వైరు కూడా కొంచెం మందంది వేయించుకోండి, హీటర్‌కి తాబేలు తగలకుండా, పడిపోకుండా గొలుసుతో కట్టండి.

ఇప్పుడు అసలు పనికొచ్చిన విషయాలు. గాజు తొట్టి పక్కన పడేసి, పెట్టె చేయిద్దామని మా కాలనీ వడ్లాయనను పిలిచాను. కొలతలు చెప్తుంటే చాలాసేపు నన్నే చూశాడు. "ఏందక్కా, తాబేలుకు మంచమా?" అన్నాడు. నాలుగడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గోడలు, ప్లైవుడ్. పైన సగం మూత, వేడి పోకుండా. గోడలు కనబడేలా ఉండాలి తాబేలుకి, ఇది చాలా ముఖ్యం. గాజంటే ఏంటో దానికి తెలీదు, తొట్టిలో ఉన్నన్నాళ్లు ఓపిక వచ్చిన కాసేపూ మూలకి మొహం పెట్టి ముందుకి తోస్తూనే ఉండేది. చెక్క పెట్టెలో వేసిన మొదటి రోజే ఒక రౌండు తిరిగి, గోడ చూసి, వెనక్కి మళ్లింది. అంతే, మళ్లీ తోయలేదు.

తేమకి ప్లైవుడ్ ఉబ్బిపోతుందేమో అంటే వడ్లాయనే ఐడియా ఇచ్చాడు. వాళ్ల ఇంటి వెనకాల పాత ఎలక్షన్ ఫ్లెక్సీ ఉందట, తెచ్చి అడుగునా, గోడలకి జానెడు ఎత్తువరకూ పరిచి మేకులు కొట్టాడు. బొమ్మ ఉన్న వైపు కిందికి వేశాం. ఏ పార్టీవారో చెప్పను గానీ, ఒక నాయకుడు గారు మూడు నెలలుగా నిదానం కింద బోర్లా పడుకుని సేవ చేస్తున్నారు. కూలీ, చెక్క అన్నీ కలిపి రూ.3,400 అయ్యింది. వడ్లాయన పోతూ పోతూ "గోడలు తక్కువైతయేమో, పెద్దగైతే దాటదా?" అని అడిగాడు. దాటుతుంది. ఇది ప్రపంచంలో మూడో అతిపెద్ద నేల తాబేలు జాతి, మగదైతే యాభై కిలోలు దాటుతుంది. పెట్టె మీద ఈ మాట ఎక్కడా రాయరు.

వేడి సర్దుబాటుకు నేను వేలు పోసి ఏమీ కొనలేదు. ఊళ్లలో నాటుకోళ్ల గుడ్లు పొదిగించే ఇంక్యుబేటర్లకు ఒక టెంపరేచర్ కంట్రోలర్ పెడతారు, రూ.450. అదే. దాని మొన చల్లవైపు పెట్టి, రాత్రంతా 27 కన్నా తగ్గకుండా హీటర్ ఆన్ ఆఫ్ అయ్యేలా పెట్టాడు మా ఆయన. పగలు ఒక మూల ఎండ కాచుకునే చోటు, 36 వరకు, పలక బండ ఒకటి వేసి. మామూలు ఫిలమెంట్ బల్బే దానికి, ఆ నీలం రంగు బల్బునే వాడుతున్నా, వేడికైతే పనికొస్తోంది. అవతలి చివర 27, 28. తాబేలు తనకు కావాల్సిన చోటుకి తనే నడుచుకుంటూ పోవాలి, మనం మొత్తం పెట్టెని ఒకే వేడిలో ఉంచితే దానికి పారిపోయే చోటుండదు. రెండడుగుల తొట్టిలో ఇది కుదరనే కుదరదు, ఈ చివర 36 వచ్చేసరికి ఆ చివరా 33 అయిపోతుంది.

యూవీబీ ఇచ్చే టీ5 ట్యూబు, అంటే సన్నటి ట్యూబులైటు లాంటిది, తెప్పించాను, 24 వాట్లది, ఫిట్టింగ్‌తో కలిపి రూ.4,900. జేబుకి చిల్లే. కానీ ఇదొక్కటి మాత్రం చౌకలో దొరకదు. వచ్చిన రోజే మేనల్లుడి ల్యాబ్‌కి పంపాను, ఈసారి గ్రాఫ్‌లో 315 కింద గుట్ట స్పష్టంగా కనిపించింది. ఎంత ఎత్తులో పెట్టాలో కాగితంలో రాసి ఉంటుంది, అదే పాటించండి, మధ్యలో గాజు గానీ అక్రిలిక్ గానీ అడ్డం పెట్టకండి. ఏడాదికొకసారి మార్చాలి, వెలుగు బాగానే వస్తున్నా యూవీబీ తగ్గిపోతుంది కాబట్టి మన కంటికి తెలీదు. ట్యూబు మీద మార్కర్‌తో తేదీ రాసి పెట్టాను.

కోకోపీట్ దిమ్మ మంచిదే, అబద్ధం చెప్పకూడదు. కాకపోతే అది మా పెట్టెలో ఒక మూలకి కూడా రాలేదు. హంటర్ రోడ్డు వైపు ఒక నర్సరీలో ఐదు కిలోల దిమ్మ రూ.240కి తెచ్చి, ఉప్పు పోయేలా రెండుసార్లు కడిగి పిండి, మందు కొట్టని ఎర్రమట్టి కలిపి నాలుగు వేళ్ల మందం పరిచాను. ఎడారి తాబేలుకి తేమ ఎందుకు అని నేనూ అనుకున్నా. అవి పగటి ఎండకి బొరియలు తవ్వుకుని లోపల ఉంటాయి, ఆ బొరియల్లో తేమ ఉంటుంది. చిన్నప్పుడు పొడిగాలిలో పెరిగితే డిప్ప నున్నగా రాకుండా గుట్టలు గుట్టలుగా లేస్తుంది, నిదానం వీపు మీద ఇప్పటికే అలా ఉన్నాయి, అవి ఇక పోవు. కానీ ఒకటి, తేమ వెచ్చగా ఉండాలి. చల్లటి తేమ అంటే నిమ్ముకి కబురు పెట్టి పిలిచినట్టే. కిట్ తొట్టిలో నేను చేసింది సరిగ్గా అదే.

మేత డబ్బా వెనక అతి చిన్న అక్షరాల్లో మొదటి పదార్థం ఏముందో తెలుసా? చేపల పొడి. అది నీటి తాబేళ్ల మేత. సల్కాటా గడ్డి తినే జీవి, ఆవు లాంటిదనుకోండి. ఆ డబ్బా మొత్తం మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చేపల తొట్టికి ఇచ్చేశాను, అక్కడ బాగానే చెల్లింది.

నిదానం పద్దెనిమిది రోజులు ఏమీ తినలేదు. రోజూ పొద్దున గోరువెచ్చని నీళ్లలో, గడ్డం దాకా వచ్చేలా, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టేదాన్ని. అలా కూర్చున్నప్పుడే నీళ్లు తాగుతుంది, అలా కూర్చున్నప్పుడే మూత్రంతో పాటు తెల్లటిది వదులుతుంది. మొదట్లో అది ఇసుకలా గరగరలాడేది, వేళ్ల మధ్య నలిపితే తెలిసేది, ఒంట్లో నీళ్లు లేవని అర్థం. పది రోజులకి తాంబూలంలోకి రాసే సున్నంలా మెత్తబడింది. ఆ రోజు సంతోషంతో నేను డాక్టర్ గారికి ఫొటో పంపాను, పొద్దున్నే టిఫిన్ టైంలో. పాపం ఆయన.

పంతొమ్మిదో రోజు. అప్పటికి ఆరో డోసు అయిపోయింది, పెట్టెలో వేడి కుదిరి పది రోజులైంది. మా అత్తమ్మ భద్రకాళి గుడికెళ్లి వస్తూ గరిక కట్ట తెచ్చింది, దేవుడికి పెట్టగా మిగిలింది. ఇంట్లో తాబేలుంటే లక్ష్మి నిలుస్తుందని ఆమె మొదటి రోజు నుంచీ నా పక్షమే, నేనేమో లక్ష్మి పోవడమే చూస్తున్నా, బిల్లులు చూస్తే. నాలుగు పరకలు తీసి దాని మూతి ముందు ఆడించింది. నిదానం ఒక కన్ను తెరిచింది. తల కొంచెం పక్కకి తిప్పి చూసింది. నోరు తెరిచి మూస్తే పరక తప్పిపోయింది, మళ్లీ తెరిచింది, ఈసారి దొరికింది. లోపల చిన్న గులాబీ రంగు నాలుక కనబడింది. పరక సగానికి తెగి రెండో ముక్క ముక్కుకి అంటుకుని ఉండిపోయింది, దాన్ని ముందుకాలితో తుడుచుకోవడానికి ఎంతసేపు తంటాలు పడిందో. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి చూస్తూ నిలబడ్డాం. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

అప్పటినుంచి గరికే ప్రధానం. పూలబజారులో కట్ట పది రూపాయలు, బాగా కడిగి పెట్టాలి. మందార ఆకులు, పూలు, నాగజెముడు దుంపల్లాంటి ఆ ఆకులు ముళ్లు గీరేసి, అప్పుడప్పుడూ మునగాకు. రోడ్డు పక్క గడ్డి కోయకండి, కలుపుమందు కొడతారు. పక్కింటామె "పుంటికూర పెట్టొచ్చా?" అని అడిగింది, ఆక్సలేట్లు ఎక్కువ, కాల్షియంని పట్టేసుకుంటాయి, వద్దన్నారు. పాలకూరా అంతే. పండ్లు, అన్నం, రొట్టె ఏవీ వద్దు. కాల్షియం కోసం లవ్‌బర్డ్స్ పంజరాల్లో వేలాడదీసే కటిల్ బోన్, మన సముద్రపు నురుగే, రూ.30 పెడితే రెండు నెలలు వస్తుంది. కిట్‌లో కాల్షియం సీసా మీద తయారీ తేదీ లేదు, ఎక్స్‌పైరీ తేదీ మాత్రం ఉంది, అదెలా సాధ్యమో మీరే చెప్పండి.

బరువు కిచెన్ త్రాసుతో రోజూ చూస్తాను, పిండి తూచేదే. వచ్చినప్పుడు 612 గ్రాములు. జబ్బు ముదిరినప్పుడు 581కి దిగింది. మొన్న ఆదివారం 774. ముక్కు పొడిగా ఉంది. అడుగు డిప్ప నొక్కితే ఇప్పుడు లోపలికి పోవట్లేదు. పొద్దున ట్యూబు వెలగ్గానే గుహలోంచి బయటికొచ్చి బండ మీద కాళ్లు నాలుగూ చాపి, మెడ చాచి, ఎండలో ఆరేసిన వడియంలా పడుకుంటుంది. మొదటిసారి చూసి చచ్చిపోయిందనుకున్నా.

రీఫండ్ అడిగాను. బల్బు గ్రాఫ్, ఫ్రిజ్‌లో ముల్లు ఫొటో, వంగిన హోల్డర్ ఫొటో అన్నీ పంపాను. అన్‌బాక్సింగ్ వీడియో ఉందా మేడం అన్నారు. చావుబతుకుల్లో ఉన్న జంతువుని పక్కన పెట్టుకుని ఎవరు తీస్తారండీ వీడియో. లేదంటే కంప్లైంట్ క్లోజ్ చేశారు, వెంటనే "మా సేవకు రేటింగ్ ఇవ్వండి" అని మెసేజ్ వచ్చింది.

ఇదిగో ఇస్తున్నా, అయిదుకి రెండు. ఒకటి ఆ నీళ్ల గిన్నెకి, లోతు తక్కువ, అంచు వాలుగా ఉంది, నిదానం తల్లకిందులు కాకుండా ఎక్కి దిగుతోంది, నిజంగా ఎవరో ఆలోచించి చేశారు. రెండోది ప్లాస్టిక్ గుహకి. గాజు తొట్టి కావాలంటే ఫ్రీగా తీసుకెళ్లండి, చేపలకి మాత్రమే, వచ్చి పట్టుకెళ్లే బాధ్యత మీదే.